పాము కాటుకు పసరు మందు పనిచేస్తుందా?

రోగుల బంధువులకు ఒక మాట.

పాము కరిచిందనగానే మన పల్లెల్లో ముందుగా పసరు కోసం పరుగెడతారు. ఈశ్వరవేరు నూరి తాగిస్తారు. సర్పగంధ వేరు మింగిస్తారు. ఉత్తరేణి ఆకు కాటుపై కడతారు. ఈ మొక్కల్లో మందు గుణమే లేదని నేను అనడం లేదు. సర్పగంధ నుండి తీసిన మందును డాక్టర్లు రక్తపోటు తగ్గించడానికి వాడారు. కాని ఒంట్లోకి ఎక్కిన పాము విషాన్ని ఏ ఆకూ, ఏ వేరూ విరచలేదు.

"పసరుతోనే మా మామయ్య బ్రతికాడు కదమ్మా" అంటారు. విషం లేని పాములు చాలా ఉన్నాయి. విషసర్పం కూడా ఒక్కోసారి విషం వదలకుండా కరుస్తుంది. అలాంటివారు మందు లేకపోయినా బ్రతుకుతారు. పేరు మాత్రం పసరుకు వస్తుంది.

పసరు వలన కలిగే నష్టాలు:

1. కాలం పోతుంది. కట్లపాము కాటుకు నొప్పి, వాపు పెద్దగా ఉండవు. పసరు పనిచేసిందని ఇంట్లో వారు ధైర్యంగా ఉండగానే రెప్పలు వాలిపోతాయి, మాట ముద్దవుతుంది, ఊపిరి ఆగిపోతుంది.

2. నాగుపాము, కట్లపాము విషం గొంతు కండరాలను కూడా పడవేస్తుంది. అప్పుడు పోసిన పసరు ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

3. రక్తపింజర విషం మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. ఈశ్వరవేరులోని ఆమ్లం కూడా మూత్రపిండాలకు హానికరమే.

మరి ఏం చేయాలి?

కరిచిన కాలు, చేయి కదలకుండా బద్ద కట్టండి. ఉంగరాలు, కడియాలు తీసివేయండి. తాడు బిగించవద్దు, కోయవద్దు, నోటితో పీల్చవద్దు. నడిపించకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. పామును చంపి తేనక్కరలేదు. మన దేశంలో తయారయ్యే విరుగుడు ఇంజెక్షను నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ పనిచేస్తుంది.

ఆసుపత్రిలో రక్తం తీసి గాజు గొట్టంలో 20 నిమిషాలు కదపకుండా ఉంచుతాము. "ఊరికే కూర్చున్నారు" అని కోపపడకండి. రక్తం గడ్డకట్టకపోతే అది విషం ఎక్కిన గుర్తు.

చివరిగా ఒక మనవి. ఒక రాత్రి ఒక తల్లి తన బిడ్డను తెచ్చింది. ఏం తాగించారమ్మా అంటే, తిడతామని భయపడి "ఏమీ లేదు" అన్నది. బిడ్డ పెదవుల మీద పసరు ఇంకా పచ్చగానే ఉంది. పసరు పోసి ఉంటే దాచకండి. ఏ మొక్క, ఎంత, ఎప్పుడు పోశారో చెప్పండి. మేము తిట్టము. మీరు చెప్పే ఆ మాట కూడా వైద్యంలో భాగమే.