హూరు పట్టుకొనిన చెయ్యి

చదువవలసిన భాగము: నిర్గమకాండము 17:8–13

రెఫీదీములో అమాలేకీయులతో యుద్ధము జరిగిన దినమున మోషే దేవుని కఱ్ఱ పట్టుకొని కొండమీద నిలిచెను. ఆయన చేతులు బరువెక్కగా ఒక ప్రక్క అహరోను, మరియొక ప్రక్క హూరు నిలిచి, సూర్యుడు అస్తమించువరకు వాటిని ఆదుకొనిరి. అహరోనును మనమందరము ఎరుగుదుము. హూరును గూర్చి లేఖనము చెప్పినది బహు కొద్ది. అట్టి పనిలో ఆయనకు ముందు అనుభవము కలదని యెక్కడను వ్రాయబడలేదు.

దిల్‌సుఖ్‌నగర్‌లో ప్రత్యేక అవసరములుగల పిల్లల తరగతిలో సహాయకురాలిగా చేరిన దినమున మాకును అనుభవము లేదు. ఎల్.బి.నగర్‌లో మెట్రో ఎక్కి, విక్టోరియా మెమోరియల్, చైతన్యపురి దాటి దిగుచు, ప్రేమయున్న చాలుననుకొంటిమి. ఈ ప్రాంతమునకు ఈ సేవ క్రొత్తది కాదు. 1968లో మొదలైన ఠాకూర్ హరిప్రసాద్ సంస్థ దిల్‌సుఖ్‌నగర్‌లోనే యున్నది. 2016 చట్టము 21 విధముల వైకల్యములను గుర్తించి, నిర్ణీత స్థాయి వైకల్యముగల పిల్లలకు 6 నుండి 18 ఏండ్లవరకు ఉచిత విద్యను హక్కుగా చేసినది. ఉపాధ్యాయులకు ప్రత్యేక శిక్షణ కలదు. మావలె సహాయమునకు చేరువారిలో ఏమియు నేర్వనివారు అనేకులు.

మా మొదటి తప్పు భోజనవేళ జరిగెను. తొమ్మిదేండ్ల బాలుడొకడు చెంచా పట్టుకొని ఆలసించుచుండగా, గంట కొట్టులోగా ముగియవలెనని మేమే తినిపించితిమి. ఉపాధ్యాయురాలు చూచి, "వాడి చేతులు మీరు లాగేసుకున్నారమ్మా" అనెను. చాల నొచ్చుకొంటిమి. ఆ రాత్రి మెఫీబోషెతు దాది జ్ఞాపకమునకు వచ్చెను (2 సమూయేలు 4:4). అయిదేండ్ల బిడ్డను ద్వేషముతో కాదు, కాపాడవలెనను తొందరతోనే ఆమె ఎత్తుకొని పరుగెత్తెను. బిడ్డ పడి కుంటివాడాయెను.

హూరు మోషే చేతిని పట్టెనే గాని కఱ్ఱను తీసికొనలేదు. ఈ భేదమును నేర్చుకొనుటకు మాకు నెలలు పట్టినవి. మొదట బిడ్డ చేతిమీద మన చెయ్యి వేయవలెను, కొన్ని దినములకు మణికట్టు మాత్రము పట్టవలెను, తరువాత మోచేయి, తరువాత చూపుడువ్రేలితో సైగ చాలును. ఒక్కసారి ఒక్క మాటయే చెప్పి, మనస్సులో పది లెక్కపెట్టుచు ఊరకుండవలెను. మేము అయిదు దాటకుండనే మరల చెప్పుచుంటిమి! చొక్కా గుండీలైతే పైవన్నియు మనము పెట్టి కడపటిది బిడ్డకు విడువవలెను. ముగించిన సంతోషము వానిదగును. మరుసటి వారము కడపటి రెండును వానివే.

ఒక సంగతి మాత్రము ఆలస్యమునకు తగదు. మూర్ఛ వచ్చినప్పుడు మనవారు తాళపుచెవులు చేతిలో పెట్టుదురు, నోటిలో చెంచా దూర్చుదురు. రెండును వలదు. బిడ్డను ప్రక్కకు తిప్పి, దగ్గరి వస్తువులను తొలగించి, గడియారము చూడవలెను. అయిదు నిమిషములకు తగ్గనిచో 108కి ఫోను చేయవలెను.

12వ వచనములోని రాతిని మనము తరచుగా విడిచి చదువుదుము. చేతులు పట్టుకొనుటకు ముందే వారు ఒక రాయి తెచ్చి మోషేను దానిమీద కూర్చుండబెట్టిరి. మా తరగతిలో ఆ బాలుని కాళ్లు కుర్చీనుండి వ్రేలాడుచుండెను. ఒడలు నిలకడ లేక చెంచా వణకుచుండెను. ఉపాధ్యాయురాలు పాత పీట యొకటి తెప్పించి వాని పాదముల క్రింద పెట్టించెను. మేము మోచేయి మాత్రము పట్టుకొంటిమి. ఆ దినమున మూడు ముద్దలు వాడే తినెను. నాలుగవది చొక్కామీద పడెను.