దొరకని మనిషికి ఏం పరీక్ష చేస్తారు?

2019 సెప్టెంబరులో దోహాలో క్రిస్టియన్ కోల్‌మన్ వంద మీటర్లను 9.76 సెకన్లలో ముగించి ప్రపంచ చాంపియన్ అయ్యాడు. టోక్యో ఒలింపిక్స్‌లో మాత్రం ఈ అమెరికన్ ఆచూకీ లేదు. గాయం కాలేదు, ఫామ్ పోలేదు, డోప్ పరీక్షలో మందేమీ దొరకలేదు. పరీక్ష చేయడానికి వచ్చినవాళ్లకు అతడే దొరకలేదు.

పోటీలు లేని నెలల్లో కూడా అగ్రశ్రేణి క్రీడాకారుల ఇంటికి పరీక్షాధికారులు చెప్పకుండా వస్తారు. మోసం చేసేవాడు ముందు సాధన రోజుల్లోనే చేస్తాడు కాబట్టి ఈ ఏర్పాటు. ఎంపికైన క్రీడాకారులు మూడు నెలలకోసారి తమ మకాం, సాధన వివరాలు ఇవ్వాలి. రోజూ ఉదయం 5 నుంచి రాత్రి 11 లోపు ఏదైనా ఒక గంట ఎంచుకుని, ఆ గంటసేపు ఫలానా చోట ఉంటామని చెప్పాలి. ప్లాన్ మారితే ఫోన్‌లోనే మార్చుకోవచ్చు. 12 నెలల్లో మూడుసార్లు తప్పితే మాత్రం రెండేళ్ల నిషేధం. తప్పు తీవ్రతను బట్టి అది ఏడాది వరకు తగ్గవచ్చు. మందు వాడినట్టు రుజువు అక్కర్లేదు.

కోల్‌మన్ మీద దోహాకు ముందే ఒకసారి కేసు పడింది. తేదీల లెక్క చూస్తే మూడు తప్పులూ 12 నెలల్లోకి రాలేదు, కేసు వెనక్కు పోయింది. అంతటి గండం గట్టెక్కినవాడు ఎంత జాగ్రత్తగా ఉండాలి? 2019 జనవరి 16న ఒకటి, ఏప్రిల్ 26న ఒకటి అతడి ఖాతాలో ఇంకా ఉన్నాయి. మరో ఐదు వారాలు ఓపిక పడితే జనవరిది చెల్లిపోయేది.

డిసెంబరు 9 రాత్రి అతడు ఎంచుకున్న గంట 7:15 నుంచి 8:15. అధికారులు ఆ గంటంతా ఇంటి ముందే ఉండి తలుపు తట్టారు. అతడు క్రిస్మస్ షాపింగ్‌లో ఉన్నాడు. గంట ముగిసేలోగానే ఇంటికి వచ్చానని వాదించాడు కానీ రసీదులు వేరే కథ చెప్పాయి: 7:53కి భోజనం, 8:22కి వాల్‌మార్ట్ బిల్లు. ఫోన్ చేసి ఉంటే నిమిషాల్లో వచ్చేవాణ్నని కూడా అన్నాడు. ఫోన్ చేసి తీరాలని నిబంధనల్లో లేదు. ముందే కబురు పెట్టి చేసేది ఆకస్మిక పరీక్ష ఎలా అవుతుంది? మొదట వేసిన రెండేళ్ల నిషేధాన్ని క్రీడా ఆర్బిట్రేషన్ కోర్టు 18 నెలలకు తగ్గించినా టోక్యో చేజారింది. అక్కడ వంద మీటర్ల స్వర్ణం ఇటలీకి చెందిన మార్సెల్ జాకబ్స్ గెలిచాడు. సమయం 9.80.

నిమిషం ఆలస్యమైతే గేటు మూసేసే ఎంసెట్ చూసిన మనకు ఈ శిక్ష కొత్తగా అనిపించదు. నిజానికి ఇది దానికంటే మెత్తన: గంట మీరే ఎంచుకుంటారు, మార్చుకుంటారు, రెండుసార్లు తప్పినా ఊరుకుంటారు.

ఇంత వెసులుబాటు ఉన్నా మంచివాళ్లే ఇందులో ఎందుకు చిక్కుతారు? ‘నేనేం తప్పు చేయలేదుగా’ అన్న ధీమా వల్ల. చేయకూడనిది చేయకపోతే చాలనుకుంటారు, చేయాల్సినది పక్కన పడేస్తారు. రికార్డు శుభ్రంగా ఉన్న ఉద్యోగి రిపోర్టు ఆలస్యంగా ఇచ్చి, అనుమానించారని నొచ్చుకోవడం కూడా ఇలాంటిదే. అవతలివాళ్లు మీ మనసు చూడలేరు, మీరు ఇచ్చిన కాగితమే చూస్తారు.

‘మావాళ్లు చూసుకుంటారు’ అనేది రెండో ఉచ్చు. వివరాలు నింపే పనిని క్రీడాకారుడు మేనేజరుకు ఇవ్వవచ్చు. బాధ్యత మాత్రం క్రీడాకారుడిదే. 2020లో జడేజా, కేఎల్ రాహుల్ సహా అయిదుగురు భారత క్రికెటర్లు వివరాలు ఇవ్వలేదని జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ నాడా నోటీసులు పంపితే, పాస్‌వర్డ్ సమస్య వచ్చిందని క్రికెట్ బోర్డు చెప్పింది. పాస్‌వర్డ్ ఎవరిదైనా, నోటీసు మాత్రం ఆటగాడి పేరు మీదే వస్తుంది.

మన నిర్లక్ష్యం ఖరీదు మనమే కడతామనుకుంటే పొరపాటు. హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో కాంస్యంతో పారిస్ బెర్తు సాధించిన బాక్సర్ పర్వీన్ హుడాపై 2024 మేలో ఇదే కారణంతో నిషేధం పడింది. 57 కిలోల బెర్తు దేశమే పోగొట్టుకుంది. దాన్ని తిరిగి తేవడానికి 60 కిలోల్లో ఆడుతున్న మరో బాక్సర్ జాస్మిన్ బ్యాంకాక్ వెళ్లి మళ్లీ పోరాడాల్సి వచ్చింది.

తప్పిన తర్వాత లేచి నిలబడ్డవాళ్లూ ఉన్నారు. బ్రిటన్‌కు చెందిన 400 మీటర్ల రన్నర్ క్రిస్టీన్ ఒహురుగు మూడు పరీక్షలు తప్పి ఏడాది దూరమైంది. 2007 ఆగస్టులో నిషేధం ముగిసింది, ఆ నెలలోనే ఒసాకాలో ప్రపంచ టైటిల్ గెలిచింది, మరుసటి ఏడాది బీజింగ్‌లో ఒలింపిక్ స్వర్ణం. అందరికీ అలాంటి రెండో అవకాశం వస్తుందని మాత్రం లెక్క వేసుకోకండి.

చాలామంది క్రీడాకారులు తమ గంటగా తెల్లవారుజామునే పెట్టుకుంటారు. నిద్ర చెడితే చెడింది, ఆ వేళకు మంచం మీదే ఉంటారు కాబట్టి తప్పే వీలుండదు. కోల్‌మన్ గంట జనం బజారుకు వెళ్లే సాయంకాలం. నా దృష్టిలో అసలు తేడా ఇక్కడే ఉంది. ‘ఈసారి గుర్తుంచుకుంటా’ అనే పట్టుదలను నమ్ముకోకండి. ఒకసారి తప్పారంటే మారాల్సింది ఏర్పాటు. జీతం పడే రోజే ఈఎంఐ కట్టే తేదీ పెట్టుకోండి. శుక్రవారం సాయంత్రానికి ఇస్తానన్న ఫైలును గురువారం మధ్యాహ్నానికే ఇస్తానని చెప్పండి, శుక్రవారం మీరు ఊరికి బయల్దేరుతారని మీకు తెలుసు కదా.