పక్షిరాజు మీద అబద్ధ సాక్ష్యము

పాఠము: యోబు 39:27-30, నిర్గమకాండము 20:16



కలమల్ల చుట్టుప్రక్కల జీవాలను మేపు మన సహోదరులకు గద్ద కనబడగానే కోపము వచ్చును. గద్ద కోడిపిల్లను తన్నుకొని పోవుట నిజమే. అయితే అట్టి పక్షులన్నిటిని ఒకే నేరమునకు చంపవచ్చునా? ఈ నెల దీనిని ధ్యానింతము.

ఐరోపా ఖండములోని ఆల్ప్స్ కొండలలో గడ్డపు రాబందు అను పెద్ద పక్షి యుండెను. అక్కడివారు దానికి 'గొర్రెపిల్లల రాబందు' అని పేరు పెట్టిరి. అది మందలోని పిల్లలను ఎత్తుకొని పోవునని నమ్మి, తుపాకులతోను విషముతోను వేటాడిరి. చంపినవారికి బహుమానము లిచ్చిరి. 1900 తరువాత కొద్ది యేండ్లలోనే అది ఆ కొండలలో లేకుండ పోయెను. నిజమునకు దాని ముఖ్యమైన ఆహారము చచ్చిన జంతువుల ఎముకలే! పెట్టిన పేరే దానికి మరణశిక్ష ఆయెను. పిమ్మట మనుష్యులు పశ్చాత్తాపపడి, 1986 మొదలుకొని, తాము పెంచిన పిల్లలను మరల అక్కడ విడిచిరి.

మన దేశములో రాబందును పగబట్టి చంపినవారు అరుదు. అయినను అది నశించెను. పశువుల నొప్పులకు వేసిన డైక్లోఫెనాక్ మందు చచ్చిన గొడ్డులో నిలిచి, దానిని తిన్న రాబందుల మూత్రపిండములను చెరిపెను. ఈ సంగతి 2004లో బయలుపడెను. 1992కును 2007కును మధ్య తెల్లవీపు రాబందులు నూటికి తొంబదితొమ్మిదికి పైగా నశించెను. 2006లో ప్రభుత్వము ఆ మందును పశువులకు వాడరాదని నిషేధించెను.

అక్కడ చంపినది అపనింద. ఇక్కడ చంపినది అజ్ఞానము. లేవీయకాండము 11వ అధ్యాయములో దేవుడు పక్షిరాజును తినవద్దనెను గాని, చంపుమనలేదు. అది కొండపేటున గూడు కట్టుట తన ఆజ్ఞవలననే యని యోబుతో చెప్పెను. చచ్చినదానిని తిని ఊరిని శుభ్రపరచుట ఆయన దానికి అప్పగించిన పని. పొరుగువాని మీద కూడని అబద్ధ సాక్ష్యము, నోరులేని ప్రాణి మీద మాత్రము తగునా?

కాబట్టి మనము చేయవలసినవి:

1. కోడిపిల్లలను గంప క్రింద కమ్ముడి.
2. తోడేళ్లకనియు కుక్కలకనియు చచ్చిన గొర్రెలో విషము పెట్టకుడి.
3. పశువునకు నొప్పి మందు కావలసినప్పుడు, రాబందులకు హాని చేయని మెలాక్సికామ్ ఇమ్మని పశువైద్యుని అడుగుడి.

ఆలోచించుటకు: విచారింపక ఎవరికైనను చెడ్డపేరు పెట్టితిమా? ఆ పేరు వలన వారికి ఏమి నష్టము కలిగెను?