బైక్‌కి ఓపెన్ ఎయిర్ ఫిల్టర్ పెడితే మైలేజ్ పెరుగుతుందా? లెక్క వేసి చూద్దాం

ఒకప్పుడు ప్లే స్టోర్ నిండా "బ్యాటరీ సేవర్" యాప్‌లు ఉండేవి, గుర్తుందా? చార్జింగ్ రెట్టింపు నిలబడుతుందని చెప్పి, బ్యాక్‌గ్రౌండ్‌లో అవే బ్యాటరీ తినేసేవి. బైకుల ప్రపంచంలో దానికి అన్నదమ్ముడి లాంటిది ఒకటుంది. అదే కోన్ ఆకారంలో ఉండే ఓపెన్ ఎయిర్ ఫిల్టర్. "ఎయిర్‌బాక్స్ పీకేసి ఇది పెట్టు తమ్ముడూ, ఇంజన్ ఫ్రీగా ఊపిరి పీలుస్తుంది. పికప్ వస్తుంది, మైలేజూ వస్తుంది" అని చెప్పేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. మా మల్కాపురం, గాజువాక వైపు అయితే ఇంకా ఎక్కువ. ఇక్కడ షిఫ్ట్ డ్యూటీలకి, డెలివరీలకి రోజూ బండి మీదే తిరిగే కుర్రాళ్లు చాలామంది. పెట్రోల్ లీటర్ వంద దాటి చాలా కాలమైంది కాబట్టి మైలేజ్ అనే మాట వినగానే చెవులు నిక్కబొడుచుకోవడం సహజం.

ఈ ఆర్టికల్‌లో పికప్ సంగతి పక్కనపెట్టి, మైలేజ్ గురించే చూద్దాం.

ఇంజన్‌కి అసలు ఎంత గాలి కావాలి?

పెట్రోల్ పూర్తిగా కాలాలంటే ఒక కిలో పెట్రోల్‌కి సుమారు 14.7 కిలోల గాలి కావాలి. లీటర్ పెట్రోల్ బరువు దాదాపు 740 గ్రాములు. అంటే లీటర్‌కి సుమారు 11 కిలోల గాలి. దీన్ని లీటర్లలోకి మారిస్తే 9 వేలు దాటుతుంది! మీ బండి ఒక్క లీటర్ పెట్రోల్ తాగేలోపు 9 వేల లీటర్ల గాలి పీలుస్తుంది. ఈ నంబర్ గుర్తుపెట్టుకోండి, దుమ్ము గురించి మాట్లాడేటప్పుడు మళ్లీ పనికొస్తుంది.

ఇప్పుడు 150 సీసీ బండి తీసుకుందాం. 50 కిలోమీటర్ల స్పీడ్, ఇంజన్ 5000 ఆర్‌పీఎం, మైలేజ్ 45 అనుకుందాం. ఫోర్ స్ట్రోక్ కాబట్టి రెండు చుట్లకి ఒకసారి గాలి పీలుస్తుంది. ప్రతిసారీ సిలిండర్ పూర్తిగా నిండితే నిమిషానికి 375 లీటర్లు వెళ్లాలి. కానీ ఆ స్పీడ్‌లో గంటకి కాలే పెట్రోల్ 1.1 లీటర్లే. దానికి కావల్సిన గాలి నిమిషానికి సుమారు 170 లీటర్లు. అంటే పీల్చగలిగినదాంట్లో సగం కూడా పీల్చడం లేదు.

మిగతా సగాన్ని ఎవరు ఆపుతున్నారు? ఫిల్టర్ కాదు, మీ కుడిచేయి! థ్రాటిల్‌లోని వాల్వ్ సగం మూసి ఉంది కాబట్టే గాలి తగ్గింది, అందుకే బండి 50లో వెళ్తోంది. థ్రాటిల్ దగ్గర అంత పెద్ద అడ్డు ఉండగా, దానికి ముందున్న ఫిల్టర్‌ని కొంచెం ఫ్రీ చేస్తే ఏమవుతుంది? అదే స్పీడ్ కోసం మీరు థ్రాటిల్ ఒక వెంట్రుకవాసి తక్కువ తిప్పుతారు. లోపలికి వెళ్లే గాలి అంతే, పెట్రోల్ అంతే. ఫుల్ థ్రాటిల్‌లో మాత్రమే ఫిల్టర్ అడ్డు తగ్గడం వల్ల కాస్త పవర్ రావచ్చు. మనలో ఫుల్ థ్రాటిల్‌లో డ్యూటీకి వెళ్లేవాళ్లు ఎంతమంది? మల్కాపురం రోడ్లో లారీల మధ్య అయితే చాన్సే లేదు.

ఇది థియరీయే కాదు. అమెరికాలోని ఓక్ రిడ్జ్ నేషనల్ లాబొరేటరీ 2009లో కార్ల మీద దీన్ని పరీక్షించింది. కావాలనే ఫిల్టర్‌ని మూసేసి చూశారు. ఫ్యూయల్ ఇంజెక్షన్ కార్లలో మైలేజ్ చెప్పుకోదగ్గ స్థాయిలో మారలేదు. యాక్సిలరేషన్ మాత్రం తగ్గింది. మూసుకుపోయిన ఫిల్టరే మైలేజ్ తగ్గించలేకపోతే, తెరిచిన ఫిల్టర్ ఎక్కడి నుంచి పెంచుతుంది?

కార్బ్యురేటర్ బండి అయితే కథ వేరు

2020 ఏప్రిల్‌లో బీఎస్6 వచ్చాక స్ప్లెండర్ లాంటి బండ్లు కూడా ఫ్యూయల్ ఇంజెక్షన్‌కి మారాయి. కానీ రోడ్డు మీద పాత కార్బ్యురేటర్ బండ్లు ఇంకా బోలెడున్నాయి, ఎక్కువగా మోడిఫై చేసేదీ వాటినే.

కార్బ్యురేటర్‌కి సెన్సార్ లేదు, ప్రాసెసర్ లేదు. గాలి వేగంగా వెళ్లినప్పుడు పుట్టే సక్షన్‌తో జెట్‌లోంచి పెట్రోల్ పైకి వస్తుంది, అంతే. కంపెనీ వాళ్లు ఆ జెట్ సైజ్‌ని ఎయిర్‌బాక్స్, ఫిల్టర్ ఇచ్చే అడ్డుతో కలిపి సెట్ చేస్తారు. మీరు ఎయిర్‌బాక్స్ తీసేస్తే సక్షన్ తగ్గుతుంది, పెట్రోల్ తక్కువ వస్తుంది. దీన్నే లీన్ అంటారు. పెట్రోల్ తక్కువైతే మంచిదే కదా అనిపిస్తుంది. కానీ లీన్ మరీ ఎక్కువైతే ఇంజన్ వేడెక్కుతుంది, పికప్‌లో తడబడుతుంది, థ్రాటిల్ వదిలినప్పుడు సైలెన్సర్‌లో టపటపమని పేలుతుంది. దానికి ఈ20 పెట్రోల్ తోడైంది. ఇథనాల్ పూర్తిగా కాలడానికి కిలోకి 9 కిలోల గాలి చాలు. అందువల్ల 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్‌కి లెక్క 14.7 నుంచి సుమారు 13.5కి దిగుతుంది. పాత జెట్‌తో ఉన్న బండి ఈ20 పోస్తేనే కొంచెం లీన్ అవుతుంది. దాని మీద ఓపెన్ ఫిల్టర్ అంటే లీన్ మీద లీన్.

అప్పుడు మెకానిక్ అన్న ఏం చేస్తాడు? పెద్ద మెయిన్ జెట్ వేస్తాడు. తడబాటు పోతుంది, దాంతోపాటు మైలేజ్ కూడా పోతుంది. పైగా ఆ ఫిల్టర్ దగ్గర వచ్చే "భోఁ" అనే సౌండ్ వినడానికే మనవాళ్లు థ్రాటిల్ ఎక్కువ తిప్పుతారు, దానికి ఏ జెట్టూ మందు కాదు.

మరి "నాకు నిజంగానే పెరిగింది బ్రో" అనేవాళ్ల సంగతేంటి? చాలాసార్లు నిజమే చెబుతుంటారు. కార్బ్యురేటర్ బండిలో ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోతే సక్షన్ పెరిగి పెట్రోల్ ఎక్కువ లాగుతుంది, మైలేజ్ పడుతుంది. ఏళ్ల తరబడి మార్చని ఫిల్టర్ తీసి కొత్త కోన్ పెడితే మైలేజ్ పెరిగినట్టు కనిపిస్తుంది. కొన్ని వందల రూపాయల కంపెనీ ఫిల్టర్ పెట్టినా అదే జరిగేది!

ఈసీయూ ఉన్న బండ్లలో

సాఫ్ట్‌వేర్ తెలిసినవాళ్లకి ఇది ఈజీ. ఇదొక ఫీడ్‌బ్యాక్ లూప్. సైలెన్సర్ దారిలో ఉన్న ఆక్సిజన్ సెన్సార్ చూసి, పెట్రోల్ ఎక్కువైందా తక్కువైందా అని ఈసీయూ నిరంతరం సరిచేస్తుంటుంది. మీరు ఫిల్టర్ మార్చినా అది మళ్లీ పాత నిష్పత్తికే లాక్కొస్తుంది. ఆ సవరణకి హద్దు ఉంటుంది. అది దాటితే ఇంజన్ లైట్ వెలుగుతుంది. ఆన్‌లైన్‌లో దొరికే చౌక "పవర్ చిప్"లలో చాలావరకు ఉండేది ఒక రెసిస్టర్. గాలి టెంపరేచర్ సెన్సార్‌కి అబద్ధం చెప్పి, చల్లగా ఉందనిపించి పెట్రోల్ ఎక్కువ పోయిస్తుంది. మైలేజ్ కోసం అయితే మాత్రం కొనకండి.

ఎయిర్‌బాక్స్ వట్టి డబ్బా కాదు

దాని సైజ్, ముక్కు పొడవు లెక్కవేసి చేస్తారు. తక్కువ ఆర్‌పీఎంలో టార్క్ బాగుండటానికి, సౌండ్ తగ్గడానికి, వాన నీళ్లు లోపలికి పోకుండా ఉండటానికి. పైగా అది సీటు కింద నుంచి చల్లటి గాలి తీసుకుంటుంది. కోన్ ఫిల్టర్ ఇంజన్ పక్కనే ఉండి వేడిగాలి పీలుస్తుంది.

అన్నిటికంటే పెద్ద సమస్య దుమ్ము. ఒక పక్క పోర్టు, హెచ్‌పీసీఎల్ రిఫైనరీ, ఇంకో పక్క షిప్‌యార్డ్, ఎరువుల ఫ్యాక్టరీ. బొగ్గు, ఇనుప ఖనిజం లారీలు తిరిగే రోడ్లలో సాయంత్రానికి తెల్ల చొక్కా రంగేమవుతుందో ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు. లీటర్‌కి 9 వేల లీటర్ల చొప్పున ఆ గాలే సిలిండర్‌లోకి వెళ్తుంది. బ్రాండ్ పేరు లేని చౌక కోన్ ఫిల్టర్‌ని వెలుతురుకి పెట్టి చూడండి, చాలావాటిలో అవతలి పక్క కనిపిస్తుంది. సన్నటి ఇసుకరేణువులు రింగులకి, సిలిండర్ గోడకి మధ్య గరుకు కాగితంలా పనిచేస్తాయి. కంప్రెషన్ తగ్గుతుంది, ఇంజన్ ఆయిల్ తాగుతుంది, వెనక నీలం పొగ వస్తుంది. చివరికి బోర్, పిస్టన్ పని.

ఇటు లాభం ఎంతో కూడా చూడండి. నెలకి 1200 కిలోమీటర్లు, మైలేజ్ 45 అయితే సుమారు 27 లీటర్లు. మైలేజ్ నిజంగా 2 శాతం పెరిగిందనే అనుకున్నా మిగిలేది అర లీటర్. నెలకి 60 రూపాయల లోపే!

మీరే టెస్ట్ చేయాలంటే

ఒక ట్యాంక్ లెక్క నమ్మొద్దు. బంక్‌లో నాజిల్ ఆగే లెవెల్ 200 మిల్లీలీటర్లు అటూ ఇటూ అయితే, 4 లీటర్ల లెక్కలో అది 5 శాతం తప్పు. 45 మైలేజ్ బండికి రెండు కిలోమీటర్ల పైనే తేడా. ఫ్రెండ్స్ చెప్పే "రెండు పెరిగింది" సరిగ్గా ఈ సైజులోనే ఉంటుంది, గమనించారా? వరసగా ఐదు ఫుల్ ట్యాంకులు, మొత్తం 20 లీటర్లు కలిపి లెక్కేస్తే ఆ తప్పు 1 శాతానికి దిగుతుంది. అదే బంక్, అదే స్టాండ్, అదే టైర్ గాలి. తర్వాత పాత ఫిల్టర్ మళ్లీ పెట్టి ఇంకోసారి. నంబర్ వెనక్కి రాకపోతే తేడాకి కారణం ఫిల్టర్ కాదు. ఓడోమీటర్‌ని ఫోన్ జీపీఎస్‌తో ఒకసారి పోల్చుకోండి.

బీఎస్6 బండికి అడాప్టర్ కేబుల్, బ్లూటూత్ ఓబీడీ రీడర్ ఉంటే ఫోన్‌లోనే లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ చూడొచ్చు. అన్ని మోడళ్లకీ కనెక్ట్ అవ్వదు, కొనేముందు మీ మోడల్ పేరుతో చెక్ చేసుకోండి. ఫిల్టర్ మార్చాక ట్రిమ్ ప్లస్ వైపు జరిగితే ఈసీయూ పెట్రోల్ పెంచి లీన్‌ని సర్దుతోందని అర్థం.

కంపెనీ ఫిల్టరే ఉంచుకునేవాళ్లకి ఒక మాట. మాన్యువల్‌లో దుమ్ము ప్రాంతాలకి వేరే గడువు ఇస్తారు, మన ఏరియాకి అదే వర్తిస్తుంది. ఫోమ్ ఫిల్టర్ అయితే కడిగి, ఆరబెట్టి, మాన్యువల్‌లో చెప్పిన ఆయిల్ పట్టించి పిండి పెట్టాలి. ఆయిల్ పూతతో వచ్చే పేపర్ ఫిల్టర్‌ని మాత్రం కంప్రెసర్ గాలి కొట్టించకండి. అది క్లీన్ చేసేది కాదు, మార్చేది.