ల్యాప్‌టాప్ ఆన్ కాకపోతే ముందు ఏం చూడాలి?

మన హాస్టల్లో ల్యాప్‌టాప్ ఒక్కరి వస్తువు కాదు. కొన్నది ఒకరైనా పదిమంది దాని మీదే ప్రాజెక్టు రిపోర్టులు టైపు చేసుకుంటారు, స్కాలర్‌షిప్ దరఖాస్తులు నింపుకుంటారు. అలాంటి వస్తువు ఒకరోజు బటన్ నొక్కినా లేవకపోతే ఆ గదిలో అందరి పనీ ఆగిపోతుంది. పోయిన సంవత్సరం నాకు అదే జరిగింది. నేను నేర్చుకున్నది మీకు కూడా పనికొస్తుందని ఈ వ్యాసం రాస్తున్నాను.

నాది సెకండ్ హ్యాండ్‌లో కొన్న ల్యాప్‌టాప్. ఫైనలియర్ ప్రాజెక్టు రిపోర్టు ఇవ్వడానికి ఇంకా నాలుగు రోజులే ఉంది. మొదట రెండు మూడుసార్లు నొక్కితే గాని ఆన్ అయ్యేది కాదు. తర్వాత లైటు ఇలా వెలిగి అలా ఆరిపోయేది. చివరికి ఆ లైటు కూడా వెలగలేదు. బజారులో రిపేరు షాపుకు తీసుకెళ్తే, మూత కూడా తీయకుండానే "మదర్‌బోర్డు పోయింది, నాలుగున్నర వేలవుతుంది" అన్నారు. అది మా నాన్న పది రోజుల కూలి. ఇంటికి ఫోన్ చేయడానికి మనసొప్పక హాస్టల్‌కు తిరిగొచ్చాను.

పక్క గదిలో ఐటీఐలో ఎలక్ట్రానిక్స్ చదివి డిప్లొమాలో చేరిన అన్న ఉండేవాడు. సంగతంతా విని, "మదర్‌బోర్డు సంగతి ఆఖర్న చూద్దాం తమ్మీ, ముందు కరెంటు ఎక్కడిదాకా వస్తుందో చూద్దాం" అన్నాడు. ఈ పాఠమంతా ఆ ఒక్క మాటలోనే ఉంది.

కరెంటు నడిచే దారి

గోడ సాకెట్‌లో ఉండేది 230 వోల్టుల ఏసీ. అడాప్టర్ దాన్ని డీసీగా మారుస్తుంది. గుండ్రని పిన్ను ఉండే చాలా ల్యాప్‌టాప్‌లకు ఇది 19 లేదా 19.5 వోల్టులు. టైప్-సి చార్జర్లయితే సాధారణంగా 20 వోల్టుల దాకా ఇస్తాయి. ఆ కరెంటు జాక్ గుండా మదర్‌బోర్డుకు చేరుతుంది. కొంత బ్యాటరీని నింపుతుంది. మిగతాది 5 వోల్టులు, 3.3 వోల్టులు ఇలా తగ్గుతూ ఒక్కో భాగానికి అందుతుంది. పొలానికి నీళ్లు రాకపోతే మోటారు దగ్గర మొదలుపెట్టి కాలువ వెంట నడుచుకుంటూ చూస్తాం కదా, ఇక్కడా అంతే. బయట నుంచి లోపలికి, ఖర్చు లేని పని నుంచి ఖర్చున్న పనికి వెళ్లాలి.

మొదటి మెట్టు: సాకెట్

అదే సాకెట్‌లో ఫోన్ చార్జర్ పెట్టి చూడండి. మన గదుల్లో ఒక్క ఎక్స్‌టెన్షన్ బాక్సుకే ఆరేడు ఫోన్లు వేలాడుతుంటాయి. దాని పిన్నులు వదులైపోయి ఉంటాయి. అడాప్టర్‌ను నేరుగా గోడ సాకెట్‌లో పెట్టండి.

రెండో మెట్టు: అడాప్టర్

అడాప్టర్ వెనుక చీటీ చదవండి. ఔట్‌పుట్ 19 వోల్టులు, 3.42 ఆంపియర్లు అని ఉందనుకోండి. రెండూ గుణిస్తే సుమారు 65 వాట్లు. వేరొకరి అడాప్టర్ పెట్టి చూడటం అన్నిటికన్నా మంచి పరీక్ష. అయితే వోల్టులు, పిన్ను సైజు, ప్లస్ మైనస్ గుర్తులు సరిపోవాలి. ఆంపియర్లు సమానంగా గాని ఎక్కువగా గాని ఉండాలి. ఎక్కువుంటే ప్రమాదం లేదు, యంత్రం తనకు కావలసినంతే తీసుకుంటుంది. తక్కువుంటే బ్యాటరీ ఎక్కదు, లేదా ఆన్ అవుతూనే ఆరిపోతుంది.

మల్టీమీటర్ దొరికితే డీసీ 200 వోల్టుల రేంజిలో పెట్టి పిన్ను దగ్గర చూడండి. అంకె సరిగ్గా వచ్చినంత మాత్రాన అడాప్టర్ మంచిదని తేల్చేయకూడదు. లోడు పడ్డాక వోల్టేజి పడిపోయే అడాప్టర్లూ ఉంటాయి.

మూడో మెట్టు: బ్యాటరీ

చార్జర్ తీసేయండి. బ్యాటరీ బయటకు వచ్చే రకమైతే అదీ తీసేయండి. పవర్ బటన్‌ను 30 సెకన్లు నొక్కి పట్టుకోండి. లోపలి కెపాసిటర్లలో మిగిలిన చార్జి పోయి, తికమకపడి ఆగిన పవర్ చిప్ మళ్లీ మొదటికి వస్తుంది. ఇప్పుడు అడాప్టర్ ఒక్కటే పెట్టి ఆన్ చేయండి. బ్యాటరీ లేకుండా లేచి, పెడితే లేవకపోతే తప్పు బ్యాటరీదే.

ఒక హెచ్చరిక. టచ్‌ప్యాడ్ పైకి లేచినా, అడుగు ఉబ్బినా బ్యాటరీ పొంగిందని అర్థం. వెంటనే చార్జింగ్ ఆపేయండి. గుచ్చవద్దు, నొక్కవద్దు, చెత్తబుట్టలో వేయవద్దు. లిథియం బ్యాటరీ అంటుకుంటే ఆర్పడం కష్టం. తెలిసినవాళ్లతో తీయించి ఈ-వ్యర్థాలు తీసుకునేవారికి ఇవ్వండి.

నాలుగో మెట్టు: యంత్రం లేవలేదా, తెర లేవలేదా?

ఫ్యాను చప్పుడు వస్తూ, క్యాప్స్ లాక్ నొక్కితే దాని లైటు వెలిగి ఆరుతుంటే యంత్రం బతికే ఉంది. తెర మీద టార్చి వేసి ఏటవాలుగా చూడండి. బొమ్మ మసకగా కనిపిస్తే బ్యాక్‌లైట్ పోయినట్లు. హెచ్‌డీఎంఐ వైరుతో టీవీకి కలిపితే ఇంకా స్పష్టంగా తెలుస్తుంది.

ఫ్యాను తిరుగుతున్నా క్యాప్స్ లాక్ పలకకపోతే ర్యామ్ వదులై ఉండవచ్చు. చార్జర్ తీసి, బ్యాటరీ కనెక్షన్ విప్పి, చేతితో భూమికి కలిసి ఉన్న (ఎర్త్ అయిన) ఇనుప వస్తువును ముట్టుకుని ఒంట్లో స్టాటిక్ కరెంటు పోగొట్టుకున్నాకే ర్యామ్ తీయాలి. పొడిగుడ్డతో తుడిచి గట్టిగా కూర్చోబెట్టాలి. రెండుంటే ఒక్కొక్కటి పెట్టి చూడాలి. బీప్‌లు వచ్చినా, లైటు మినుకుమన్నా ఎన్నిసార్లో లెక్కపెట్టండి. దాని అర్థం ఆ మోడల్ మాన్యువల్‌లో ఉంటుంది.

నా ల్యాప్‌టాప్‌కు ఏమైంది?

అన్న మీటరు పెడితే 19.3 చూపించింది. నా గుండె జారిపోయింది. అడాప్టర్ బాగుంటే మదర్‌బోర్డే పోయినట్లు కదా! అన్న తొందరపడకుండా పిన్ను దగ్గర వైరును మెల్లగా వంచాడు. అంకె సున్నాకు పడింది. వదిలితే మళ్లీ 19.3. లోపల తీగ తెగి, అప్పుడప్పుడే అంటుకుంటోంది. నా బ్యాటరీ ముందే పాతబడింది కనుక తీగ అంటుకున్నప్పుడే ల్యాప్‌టాప్ లేచేది. కొత్త పిన్ను 40 రూపాయలకు తెచ్చి, ప్లస్ మైనస్ చూసుకుని టంకం వేశాడు. ఆ రాత్రే రిపోర్టు పూర్తి చేశాను.

తీగ తెగడానికి కారణం నేనే. రోజూ వైరును అడాప్టర్ చుట్టూ బిగించి చుట్టేవాడిని. వైరును వదులుగా, గుండ్రంగా చుట్టాలని అప్పుడు తెలిసింది.

మిత్రులారా! నిజంగా మదర్‌బోర్డు పోయే సందర్భాలూ ఉంటాయి. ఈ నాలుగు మెట్లూ అయ్యాక కూడా లేవకపోతే షాపుకు వెళ్లక తప్పదు. కాని అప్పుడు మీరు "ఆన్ కావట్లేదు సార్" అని ఊరుకోరు. "వేరే అడాప్టర్‌తో చూశాం, బ్యాటరీ తీసి చూశాం, ర్యామ్ మార్చి చూశాం" అని చెబుతారు. "మీరేం పరీక్షించారు?" అని మర్యాదగా అడుగుతారు. ఇంకో మాట, ల్యాప్‌టాప్ లేవనంత మాత్రాన అందులోని ఫైళ్లు పోయినట్లు కాదు. చాలా మోడళ్లలో డిస్కును తీసి వేరే కంప్యూటర్‌కు కలిపి వాటిని తీసుకోవచ్చు. డిస్కుకు పాస్‌వర్డ్ రక్షణ ఉంటే ఆ రికవరీ కీ మీ దగ్గర ఉండాలి. అయినా ముఖ్యమైనవి ఒక పెన్‌డ్రైవ్‌లోనూ దాచుకోండి.

మన తల్లిదండ్రులు రెక్కలు ముక్కలు చేసుకుని పంపే డబ్బు ఒక్క రూపాయి కూడా తెలియనితనం వల్ల పోకూడదు. వచ్చే ఏడాది మన గదుల్లో ఎవరి ల్యాప్‌టాప్ ఆగినా, ముందు సాకెట్ దగ్గర మొదలుపెడతారని ఆశిస్తున్నాను.