ఉత్సర్జనం లేని ఉపాకర్మ

శ్రావణ పూర్ణిమ సమీపిస్తున్నది. యజుర్వేదులకు అది ఉపాకర్మ దినం. లోకంలో జంధ్యాల పూర్ణిమగా ప్రసిద్ధం. నూతన యజ్ఞోపవీతం ధరించడంతో ఆ పర్వం ముగిసిందని తలచేవారే నేడు అధికం. కాని ఉపాకర్మ అనే మాటకు జంధ్యం మార్చుకోవడమని అర్థం కాదు. అధ్యయనాన్ని ఆరంభించడమని అర్థం. పూర్వకాలపు విద్యార్థికి చదువు ఆనాడు మొదలయ్యేది. మన పిల్లల కళాశాలలలో కొత్త సెమిస్టరు మొదలయ్యే రోజులు కూడా ఇంచుమించు ఇవే. కనుక ఆ ప్రాచీన నియమం నేటి విద్యార్థికి ఏమి చెబుతున్నదో ఈ మాసం విచారించుదాం.

ఈ విచారణకు ఒక కారణం ఉన్నది. దిండిలో వశిష్ఠా గోదావరి ఒడ్డున సాయంకాలం కొంతసేపు కూర్చోవడం నాకు అలవాటు. ఇటీవల ఒకనాడు మా వీధి కుర్రవాడొకడు వచ్చి ప్రక్కన కూర్చున్నాడు. డిగ్రీ రెండవ సంవత్సరంలోకి వచ్చాడు. తండ్రి కొబ్బరి దింపు పనిచేస్తాడు.

“కాలేజీ ఎప్పుడు తెరుస్తారు, నాయనా?” అని అడిగాను.

“ఆయ్, సోమవారం నుంచండి తాతగారూ. వెళ్ళాలో మానాలో తెలియడం లేదండి. రెండు పేపర్లు ఉండిపోయాయి. మా మావయ్య గల్ఫు వచ్చెయ్యమంటున్నాడు.”

అతని చేతిలో కొత్త నోటుపుస్తకం ఉన్నది. మొదటి పుటలో రంగుల గీతలతో దినచర్య వ్రాసుకున్నాడు. తెల్లవారుజామున నాలుగింటికి లేవడం మొదలు రాత్రి పదకొండు వరకు ప్రతి గంటకూ ఒక విషయం. గడచిన రెండు సెమిస్టర్లకూ ఇటువంటిదే వ్రాశాడట. ఏదీ పదిరోజులు నిలువలేదట.

“ఇందులో ఆ మిగిలిపోయిన రెండు పేపర్లకు చోటెక్కడ?” అన్నాను. అతడు తల వంచుకున్నాడు. “వాటిని చూస్తే భయమండి. ముందు కొత్తవి బాగా చదివితే, తరువాత చూసుకోవచ్చని...” అన్నాడు.

ఆ భయం అతనికొక్కనికే ఉన్నది కాదు. అందుకే మన పెద్దలు దానికి విరుగుడును నియమంలోనే చేర్చారు.

మనుస్మృతి చెప్పిన క్రమం ఇది. శ్రావణ పూర్ణిమనాడు గాని, భాద్రపద పూర్ణిమనాడు గాని ఉపాకర్మ చేసి, నాలుగున్నర మాసాలు నియమంతో వేదాధ్యయనం చేయాలి. ఆ పిమ్మట పుష్యమాసంలోనో, మాఘశుక్ల ప్రథమదినాననో గ్రామం వెలుపల ఉత్సర్జనం చేయాలి. ఉత్సర్జనమంటే విడిచిపెట్టడం, చేపట్టిన అధ్యయనాన్ని విధిపూర్వకంగా ముగించడం. అటుపై స్వల్ప విరామం. తరువాత శుక్లపక్షాలలో వేదాన్నీ, కృష్ణపక్షాలలో వేదాంగాలనూ చదువుకోవాలి. సెమిస్టరు అనే మాటకు లాటిను మూలంలో ఆరు నెలల కాలమని అర్థం. పేరు ఎక్కడిదైనా, చదువుకు ఒక ఆరంభం, ఒక ముగింపు, నడుమ ఒక పరిమితి ఉండాలన్న ఊహ మనకు కొత్తది కాదు.

కాలక్రమంలో పుష్యమాసపు ఉత్సర్జనం చాలావరకు లోపించింది. దానిని శ్రావణంలోనే, ఉపాకర్మకు ముందు జరుపుకోవడం వాడుకలోకి వచ్చింది. సకాలంలో ఉత్సర్జనం చేయని దోషానికి ప్రాయశ్చిత్తంగా ముందుగా ఒక జపం చేసే సంప్రదాయాలు కూడా ఉన్నాయి. ఈ వరుసను గమనించండి. కొత్త పాఠానికి ముందు పాతదాని ముగింపు. ఆ ముగింపుకు ముందు “సకాలంలో ముగించలేకపోయాను” అనే ఒప్పుకోలు. ఈ రెండూ అయిన తరువాతనే ఆరంభం. మన కుర్రవాని దినచర్యలో ఉపాకర్మ ఉన్నది, ఉత్సర్జనం లేదు. అది పదిరోజులు నిలువకపోవడంలో ఆశ్చర్యమేమున్నది?

ఈ కర్మకు ప్రయోజనం చెప్పేటప్పుడు పెద్దలు “యాతయామత” అనే మాట వాడతారు. యామమంటే జాము. వండి జాము గడచిన అన్నం యాతయామం. గీతలో తామసాహారాన్ని చెప్పే సందర్భంలో వచ్చినది ఈ మాటే. నేర్చిన మంత్రం కూడా అట్లే చద్దిబడుతుందనీ, ఉత్సర్జనోపాకర్మలు దానికి తిరిగి సారాన్ని చేకూరుస్తాయనీ భావం. చదివినది కొంతకాలానికి చద్దిబడుతుందని పెద్దలు ముందే అంగీకరించారు. మరచిపోవడాన్ని వారు పాపమని దూషించలేదు. ఏడాదికొకసారి సరిచేసుకోవలసిన సహజధర్మంగా ఎంచారు. మిగిలిపోయిన పేపరును చూసి సిగ్గుపడే విద్యార్థి మొదట గ్రహించవలసినది ఇదే.

నా అనుభవం ఒకటి చెబుతాను. నాకు పన్నెండేళ్ళప్పుడు శబ్దాలు పూర్తిగా రాకుండానే రఘువంశం మొదలుపెట్టాలని తొందరపడ్డాను. గురువుగారు కాదనలేదు. “సఖి శబ్దానికి షష్ఠీ ఏకవచనం చెప్పు” అన్నారు. హరి శబ్దాన్ని మనస్సులో పెట్టుకొని “సఖేః” అన్నాను. “సఖ్యుః” అనాలి. ఆయన పుస్తకం మూసి, “రఘువంశం ఎక్కడికీ పోదు, నీ శబ్దాలే పోతున్నాయి” అన్నారు. ఒక పక్షం పాటు కొత్త పాఠం లేదు. రోజూ పాత శబ్దాలు పదేసి అప్పగించడమే పని. తోటివారి ముందు అది అవమానంగా తోచింది. డెబ్భై దాటిన ఈ వయస్సులో తడుముకోకుండా చెప్పగలిగేవి ఆ పదిహేను రోజులలో వల్లించిన శబ్దాలే.

మన సీమలో దీనికి ప్రత్యక్ష నిదర్శనం కాలువలు. ధవళేశ్వరం ఆనకట్ట నుండి బయలుదేరిన నీరు గన్నవరం అక్విడెక్టు మీదుగా వైనతేయను దాటి మన రాజోలు ప్రాంతానికి రావాలి. మనది శివారు. వేసవిలో కాలువలు కట్టివేసినప్పుడు పూడిక తీసి, గుర్రపుడెక్క తొలగిస్తే తొలకరి నీరు మన చేల వరకు వస్తుంది. ఆ పని జరగని ఏడు, ఎగువన ఎంత నీరు వదిలినా శివారు మడి తడవదు. పాత పాఠంలోని పూడిక తీయకుండా కొత్త పాఠానికి గంటలు పెంచడం అటువంటిదే.

ఇక ఆచరణ. కుర్రవానికి నేను చెప్పినవి నాలుగే మాటలు.

మొదటిది ఉత్సర్జనం. కొత్త పుస్తకం తెరవక ముందు, మిగిలిన రెండు పేపర్లలో తనకు రానివేవో ఒక కాగితం మీద వ్రాయాలి. “ఏమీ రాదు” అన్నది భయం పలికించే మాట. పాఠం పాఠంగా వ్రాసి చూస్తే రానివి కొన్నే అని తేలుతుంది. అట్లు వ్రాయడమే ఒప్పుకోలు.

రెండవది పరిమితి. సంత చెప్పే గురువు శిష్యుడు పలుకగలిగినంతే ఇస్తాడు. అది వల్లెలో నిలిచిన తరువాతనే మరికొంత. పందొమ్మిది గంటల దినచర్య వద్దు. రోజుకు ఆ కాగితం మీది పాత అంశం ఒకటి ముందు, ఆనాటి కొత్త పాఠం తరువాత.

మూడవది కలుపుకోవడం. వేదాధ్యయనంలో క్రమపాఠమున్నది. మొదటి పదాన్ని రెండవదానితో, రెండవదాన్ని మూడవదానితో కలుపుతూ పోతారు. ఏ పదమూ ఒంటరిగా మిగలదు. జట, ఘన మొదలైన పాఠాలలో పదాలను ముందుకూ వెనుకకూ త్రిప్పి పలుకుతారు. ఈ విధంగా నిలిచిన వేదపఠన సంప్రదాయాన్నే 2003లో యునెస్కో మానవాళి వారసత్వ సంపదగా ప్రకటించింది. విద్యార్థి కూడా నిన్నటి పాఠపు చివరి భాగాన్ని పుస్తకం చూడకుండా చెప్పుకొని, నేటి పాఠాన్ని దానికి తగిలించాలి. చూస్తూ పదిసార్లు చదవడం కంటె, చూడకుండా ఒకసారి చెప్పబోయి తడబడడం మేలు. ఎక్కడ రాదో అప్పుడు తెలుస్తుంది.

నాల్గవది అనధ్యాయం. పాడ్యమి, అష్టమి, చతుర్దశి, పూర్ణిమ, అమావాస్యలలో వేదపాఠం నిషిద్ధం; మాసానికి ఎనిమిది దినాలు. సుందరకాండలో హనుమ సీతమ్మ కృశత్వాన్ని వానరులకు వర్ణిస్తూ, పాడ్యమినాడు పాఠం చదివేవాని విద్యతో పోల్చాడు. ఆగకుండా చదివితే విద్య పెరగకపోగా చిక్కిపోతుందని దీనివల్ల గ్రహించవచ్చు. అయితే వేదాంగాలకూ, నిత్యస్వాధ్యాయానికీ ఈ నిషేధం లేదని మనుస్మృతియే మినహాయించింది. కనుక అనధ్యాయం సోమరితనానికి అనుమతి కాదు. మా గురువుగారింట అది చదివినదాన్ని నెమరువేసే దినం. కళాశాల విద్యార్థి వారానికి ఒకటి రెండు పూటలు కొత్త పాఠం ముట్టకుండా, ఆ వారం చదివినది ఇంట్లో చెల్లెలికో తమ్మునికో చెప్పి చూడాలి. చదువు గురువు వద్ద వినేటప్పుడు, తాను వల్లించేటప్పుడు, ఇతరులకు చెప్పేటప్పుడు, వ్యవహారంలో వినియోగించేటప్పుడు అనే నాలుగు కాలాలలో ఉపయోగపడుతుందని పతంజలి మహాభాష్యంలో చెప్పాడు. మన పిల్లలు మొదటిదాని నుండి నేరుగా పరీక్షకు దూకుతున్నారు. నడుమ రెండూ లేకపోతే చదువు చేతికి రాదు.

గల్ఫుకు వెళ్ళడం తప్పని నేననను. ఈ సీమలో ఎన్నో ఇళ్ళు ఆ కష్టార్జితంతోనే నిలిచాయి. కుటుంబం కోసం ఆలోచించి వెళ్ళడం వేరు, రెండు పేపర్లకు భయపడి వెళ్ళడం వేరు. రెండవవాడు ఎక్కడికి పోయినా ఆ భయాన్ని మూటగట్టుకొనే పోతాడు.

తల్లిదండ్రులకు ఒక మాట. సెమిస్టరు ఆరంభంలో కొత్త పుస్తకాలు, కొత్త సంచి కొని ఇవ్వండి, మంచిదే. దానితోపాటు “పోయినసారి ఏమి మిగిలింది, నాయనా?” అని కోపం లేకుండా అడగండి. కోపంతో అడిగితే పిల్లవాడు దాచుకుంటాడు. దాచుకున్నదే వచ్చే ఏటికి రెట్టింపవుతుంది.

ఆ కుర్రవాడు సోమవారం కళాశాలకు వెళ్ళాడు. మొన్న అష్టమినాడు గోదావరి ఒడ్డుకు వచ్చి, నోటుపుస్తకంలో మడతపెట్టిన కాగితం చూపించాడు. రానివి పందొమ్మిది అంశాలని వ్రాసుకున్నాడు. నాలుగు కొట్టివేసి ఉన్నాయి. “ఇంకా పదిహేనున్నాయండి” అన్నాడు. కాని ఈసారి తల వంచుకోలేదు.