మురికియా, అరుగుదలయా? పాత పడవ ఇంజను కార్బురేటరును గూర్చిన పాఠము



పాత వస్తువు చెడినప్పుడు మనుష్యులు రెండు విధములుగా తొందరపడుదురు. కొందరు దానిని వెంటనే పారవేసి క్రొత్తది కొనవలెనందురు. మరికొందరు అది తాతలనాటిదని ఎన్ని అతుకులైనను వేయుచు దానినే పట్టుకొనియుందురు. ఈ రెండును విచారణ లేని పనులే. విచారించువాడు మొదట ఒక ప్రశ్న వేయును: దీనికి పట్టినది మురికియా, లేక ఇది అరిగిపోయినదా? మురికి కడిగినయెడల పోవును. అరుగుదల ఎంత కడిగినను పోదు. ఈ భేదమును ఈ నెల ఒక పాత పడవ ఇంజను కార్బురేటరునుండి నేర్చుకొందము. ఇందులో పొరబడినయెడల డబ్బు మాత్రమే కాదు, ప్రాణములు కూడ పోవచ్చును.

1. ఏ ఇంజను?

మన తీరమందలి పెద్ద చేపల పడవలకు డీజిలు ఇంజనులుండును. డీజిలు ఇంజనుకు కార్బురేటరు లేదు. మనలో అనేకులు దానిని పాత స్కూటరులోనో మోటారు సైకిలులోనో చూచియుందురు. 2020లో క్రొత్త పొగ నియమములు వచ్చిన తరువాత మన దేశములో తయారగు మోటారు సైకిళ్లు దాదాపు అన్నియు దానిని విడిచిపెట్టినవి. అయితే అమెరికా దేశములో, యాభై అరువది ఏండ్ల క్రిందటి తెరచాప పడవలు అనేకములు ఇప్పటికిని కార్బురేటరు గల పెట్రోలు ఇంజనులతోనే తిరుగుచున్నవి. గాలి పడిపోయినప్పుడును, రేవులోనికి వచ్చునప్పుడును ఆ ఇంజనే వాటికి ఆధారము.

వాటిలో మిక్కిలి పేరుపొందినది అటామిక్ ఫోర్. విస్కాన్సిన్ రాష్ట్రమందలి ఆష్‌కాష్ పట్టణపు యూనివర్సల్ మోటార్ కంపెనీ దీనిని 1947 మొదలు 1984 వరకు తయారుచేసెను. 40,000కు పైగా ఇంజనులు బయటికి వచ్చెను. దీనికి నాలుగు సిలిండర్లు, దాదాపు 30 గుర్రముల బలము కలవు. దీని కార్బురేటరు జెనిత్ రకమునకు చెందినది. మేము చెప్పు మాటలు ఈ ఇంజనును దృష్టిలో ఉంచుకొని చెప్పుచున్నవే.

2. కార్బురేటరు చేయు పని

పెట్రోలు గాలితో తగు పాళ్లలో కలిసిననే ఇంజనులో సరిగా మండును. ఆ కలుపు పని కార్బురేటరుది. అందులో ఒక చిన్న గిన్నె ఉన్నది. గిన్నెలో ఫ్లోటు, అనగా తేలెడు బుడ్డి, ఉండును. మేడమీది నీళ్ల ట్యాంకులో తేలు బంతి పైకి లేచి కుళాయిని మూసినట్లే, పెట్రోలు నిండగా ఫ్లోటు లేచి ఒక సూదిని దాని రంధ్రములోనికి నొక్కి పెట్రోలును ఆపును. గాలి వెళ్లు గొట్టము నడుమ సన్నగా ఉండును. ఆ ఇరుకులో గాలి వేగము హెచ్చి ఒత్తిడి తగ్గును గనుక, జెట్టు అను సన్నని రంధ్రము గుండ పెట్రోలు పైకి లాగబడి గాలిలో కలియును. ఇంజను నెమ్మదిగా తిరుగునప్పటికి వేరొక సన్నని దారి ఉన్నది.

అటామిక్ ఫోర్ కార్బురేటరులో గాలి క్రిందినుండి పైకి పోవును. కాబట్టి సూది సరిగా మూయనియెడల, పొంగిన పెట్రోలు గాలి నోటినుండి క్రిందికి కారి పడవ అడుగున చేరును.

3. పడవలో ఉన్న అపాయము

స్కూటరునుండి కారిన పెట్రోలు నేలమీద పడును, దాని ఆవిరిని గాలి కొట్టుకొనిపోవును. పడవ అట్లు కాదు. అది ఒక పెద్ద గిన్నె వంటిది. పెట్రోలు ఆవిరి గాలికంటె బరువైనది గనుక పడవ అడుగుకు దిగి అక్కడనే నిలిచియుండును. తరువాత ఎవరో స్విచ్చి నొక్కుదురు, ఒక నిప్పురవ్వ లేచును. ఆ క్షణమున పడవయు అందున్నవారును ఏమగుదురో చెప్పనక్కరలేదు.

అందుచేతనే అమెరికా తీరరక్షక దళపు నియమములు కఠినముగా నున్నవి. పడవ లోపలి పెట్రోలు ఇంజను కార్బురేటరుకు మంట బయటికి రాకుండ ఆపు జల్లెడ వంటి సాధనము ఉండవలెను. 1980 జూలై 31 తరువాత కట్టిన పడవలలో ఇంజను గదినుండి ఆవిరిని తోడివేయు పంకా ఉండవలెను. ఇంజను నడుపుటకు ముందు దానిని 4 నిమిషములు తిప్పవలెనను హెచ్చరిక వ్రాసియుండవలెను. పాత పడవకు అట్టి పంకా లేనియెడల అమర్చుకొనుట బుద్ధిమంతుల పని. మరియు పడవ కార్బురేటరు, సూది తెరచుకొనియున్న స్థితిలో పరీక్షించినను, 30 సెకనులలో 5 ఘన సెంటీమీటర్లకంటె ఎక్కువ కారకూడదు. కారు కార్బురేటరుకు ఈ కట్టుబాటు లేదు. గనుక బోల్టులు కుదిరినవని కారుదానిని తెచ్చి పడవకు బిగించువాడు అపాయమును కొని తెచ్చుకొనుచున్నాడు.

4. గుర్తులు

తప్పు కార్బురేటరుదేనా అని మొదట తెలిసికొనుడి. పెట్రోలు కుళాయి, ఫిల్టరు, స్పార్కు ప్లగ్గు చూచిన తరువాతనే దాని జోలికి పోవలెను. నెమ్మదిగా తిప్పగానే ఇంజను ఆగిపోయి, వేగములో బాగుగా నడచినయెడల, నెమ్మది దారి మూసుకొనియుండును. చోకు వేసిననే నడచి, బరువు పడగానే బలము తగ్గినయెడల, పెద్ద జెట్టులో అడ్డమైనను, అతుకులవద్ద గాలి దూరుటయైనను ఉండవచ్చును. ఇంజను ఆపిన తరువాత చుక్కలు కారుచున్నయెడల, సూదినో ఫ్లోటునో అనుమానింపవలెను. ఆ పడవను బాగుచేయువరకు నడుపకూడదు.

5. విప్పి కడుగు విధము

బ్యాటరీ తీగను తీసివేయుడి. పెట్రోలు కుళాయి కట్టుడి. పంకా తిప్పుట, గది తలుపులు తెరచుట వంటివన్నియు ముందుగానే చేయుడి. కార్బురేటరును ఊడదీసి, పడవకు వెలుపల, మంటకు దూరముగా విప్పుడి. ఏ ముక్క ఎక్కడిదో వరుసగా పెట్టి ఫొటో తీసికొనుట మంచిది.

నెమ్మది స్క్రూను తీయకముందు, అది అంటువరకు మెల్లగా లోనికి త్రిప్పుచు ఎన్ని చుట్లు తిరిగెనో లెక్కించి వ్రాసికొనుడి. బలముగా బిగించినయెడల దాని మొన పాడగును. రబ్బరు, ఫ్లోటు వేరుగా ఉంచి, లోహపు ముక్కలను కార్బురేటరు క్లీనరు ద్రవములో నానబెట్టి, ప్రతి దారిలోను గాలి ఊదుడి. జెట్టులోనికి ఇనుప తీగ పోనియ్యకుడి. జెట్టు మెత్తని ఇత్తడితో చేసినది. రంధ్రము వెంట్రుకవాసి పెరిగినను కొలత తప్పును. మురికిని తీయబోయి అరుగుదలను మనమే తెచ్చినవారమగుదుము.

ఫ్లోటును చెవివద్ద ఆడించుడి. లోపల పెట్రోలు చప్పుడైనయెడల అది చిల్లుపడినది. వేడినీటిలో ముంచగా బుడగలు వచ్చినను అదే గుర్తు. పెట్రోలు దూరిన ఫ్లోటును సోల్డరు చేయ పూనుకొనకుడి. లోపలి ఆవిరి ప్రేలవచ్చును. చివరకు రిపేరు కిట్టులోని క్రొత్త సూదిని, దాని పీటను, గ్యాస్కెట్లను వేసి, ఫ్లోటు ఎత్తును ఇంజను పుస్తకములో చెప్పిన కొలతకు సరిచేయుడి.

6. ఎప్పుడు మార్చవలెను?

బంకవలె పట్టిన పాత పెట్రోలు, ఇసుక, తుప్పుపొడి, ఇవి మురికి. వీటికొరకు కార్బురేటరును పారవేయనక్కరలేదు. సూది మొన చుట్టు గీత పడియుండుట అరుగుదలయే, గాని సూది చిన్న వస్తువు గనుక దానిని మాత్రము మార్చిన చాలును. థ్రాటిలు కడ్డీ తన రంధ్రములో కదలాడుచు గాలిని దూరనిచ్చుచున్నయెడల, నేర్పుగల పనివాడు బుష్షు వేసి బాగుచేయగలడు. అయితే నీరు నిలిచి గిన్నె లోహము గుంటలు పడినప్పుడును, సూది పీట కూర్చుండు చోటు తినివేయబడినప్పుడును, ఒంటికి పగులు వచ్చినప్పుడును మనస్సు గట్టిచేసికొని పడవకొరకే చేసిన మరియొకదానిని తెచ్చుకొనవలెను. ప్రియమైన పాత వస్తువని దానిని నమ్ముకొనకూడదు.

7. మురికి ఎక్కడనుండి వచ్చెను?

ఒక పడవ యజమానుడున్నాడనుకొనుడి. అతడు కార్బురేటరును శుభ్రముగా కడిగెను, ఇంజను నడచెను. రెండు వారములకు మరల ఆగెను. మరల కడిగెను. మూడవసారి విసిగి క్రొత్తది కొని పెట్టెను, అదియు ఆగెను. మురికి పుట్టినది కార్బురేటరులో కాదు, పెట్రోలు ట్యాంకులో. అమెరికాలో అమ్ము పెట్రోలులో సాధారణముగా 10 శాతము వరకు ఎథనాలు ఉండును. మన దేశములో 2025 నాటికి అది 20 శాతమునకు చేరెను. ఎథనాలు నీటిని పీల్చును. నీరు అధికమైనప్పుడు అది పెట్రోలునుండి విడిపోయి అడుగుకు దిగును. పాత రబ్బరు గొట్టములను కూడ అది చెరచును. కాబట్టి ట్యాంకు కడుగక, గొట్టములు మార్చక, నీటిని వేరుచేయు ఫిల్టరు పెట్టక కార్బురేటరును మాత్రము కడుగుట, బావిలో బురద ఉండగా బిందెను తోముట వంటిది.

8. పని ఎప్పుడు ముగిసినట్లు?

ఇంజను నడచిన వెంటనే పని ముగిసినదని అనేకులు సంతోషింతురు. కారుచున్న కార్బురేటరుతో కూడ ఇంజను నడచును గదా! కాబట్టి బిగించిన తరువాత, ఇంజను నడుపకముందే, క్రింద ఒక తెల్లని పొడి బట్ట పరచుడి. పెట్రోలు పంపునకు చేతి మీట ఉన్నయెడల దానితో గిన్నె నింపి, పావుగంట కనిపెట్టియుండుడి. బట్ట పొడిగానున్నదా? పడవ అడుగున వాసన లేదా? అప్పుడు బ్యాటరీ తీగ కలిపి, పంకా 4 నిమిషములు తిప్పి, మరల వాసన చూచి, ఇంజను నడుపుడి. ఆపిన తరువాత ఆ బట్టను మరల చూడుడి. ఇంజను చప్పుడుకంటె ఆ పొడి బట్ట సాక్ష్యమే నమ్మదగినది.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. పెట్రోలు కారుట స్కూటరులోకంటె పడవలో ఎందుకు ఎక్కువ అపాయకరము?
2. జెట్టులో తీగ ఎందుకు దూర్చకూడదు?
3. క్రొత్త కార్బురేటరు కూడ ఆగిపోయినయెడల ఎక్కడ వెదకవలెను?
4. మీ యింట చెడియున్న ఒక పనిముట్టును తలంచుడి. దానికి పట్టినది మురికియా, లేక అది అరిగినదా?